ఒకటో నంబరు తండ్రి

ఆ శనివారం ఉదయం సత్యప్రకాష్ మూడే మూడు పనులు పెట్టుకున్నాడు. పది గంటలలోగా చర్చి కాగితాలు ప్రింటు తీసి కార్యదర్శి గారి చేతిలో పెట్టాలి. పదకొండింటికి దర్జీ దగ్గరికి వెళ్లి పెళ్లి సూటు తొడుక్కుని చూసుకోవాలి. ఒంటిగంటకి మామ్మ చేసిన చేపల పులుసుతో అన్నం తిని మూడింటిదాకా నిద్రపోవాలి. మనిషి ఇంత తక్కువ కోరుకున్న రోజునే దేవుడికి సరదా పుడుతుందని నా అనుభవం.

సత్యప్రకాష్‌కి ఇరవై ఎనిమిదేళ్లు. నర్సీపట్నం అబీద్ సెంటర్లో మేడమీద ఒక గది అద్దెకి తీసుకుని, మూడు కంప్యూటర్లు పెట్టి, డిగ్రీ చదివేవాళ్లకి పాఠాలు చెప్పుకుంటున్నాడు. పెర్ల్ అనే కంప్యూటర్ భాష అంటే అతనికి ప్రాణం. ఊళ్లో ఆ భాష తెలిసినవాడు మరొకడు లేడు కాబట్టి, అతను రాసింది తప్పో ఒప్పో చెప్పే నాథుడూ లేడు. ఒకే పని రెండుసార్లు చేయడం పాపమని అతని నమ్మకం. ఒకసారి చేయడం కూడా పెద్ద పుణ్యమేమీ కాదని లోపల్లోపల అనుకుంటూ ఉంటాడు.

అది రెండువేల ఆరు, ఫిబ్రవరి రెండో వారం. అతనికీ, మిషన్ స్కూల్లో టీచరు జెన్నీకీ పెళ్లి కుదిరింది. వాళ్ల చర్చిలో పెళ్లి చేయాలంటే వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి. "ఈ వివాహానికి అభ్యంతరం గలవారు ఇప్పుడే చెప్పాలి" అని పాస్టరు గారు అడగాలి, ఎవరూ నోరెత్తకూడదు. శ్రమల దినాలు మొదలైతే ఈస్టరు దాకా పెళ్లిళ్లు ఉండవు. లెక్క చూస్తే మిగిలినవి సరిగ్గా మూడే ఆదివారాలు. రేపు ప్రకటన చదవకపోతే పెళ్లి ఏప్రిల్ చివరికి పోతుంది. పోతే పోయింది, రెండు నెలలే కదా అనడానికి వీల్లేదు. జెన్నీ తండ్రి రత్నరాజు గారు అనకాపల్లి బ్యాంకు సంబంధాన్ని ఇంకా పూర్తిగా వదులుకోలేదు. ఆ బ్యాంకు కుర్రాడి ఫోటో ఆయన జేబులోనే ఉందని జెన్నీ చెప్పినప్పటి నుంచి సత్యప్రకాష్‌కి అన్నం సయించడం లేదు.

ఇక్కడ మరో చిక్కుంది. ఆ ఏడాది నుంచి ప్రకటన కాగితం కంప్యూటర్లోంచే రావాలని సంఘ కమిటీ తీర్మానం చేసింది. పాస్టరు గారు బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయనకి తెలియదు. అందుకని వధూవరులకి వరస కుదురుతుందో లేదో కూడా కంప్యూటరే తేల్చి కాగితం మీద వేయాలన్నాడు. మనుషులు మొహమాటపడతారు, యంత్రం మొహమాటపడదు అని ఆయన వాదన. పనిలో పనిగా ప్రతి సభ్యుడికీ ఒక కార్డు కూడా అచ్చువేసి పంచమన్నాడు.

సంఘ సభ్యుల పట్టీని ఏడేళ్ల క్రితం కంప్యూటర్లోకి ఎక్కించినవాడు కార్యదర్శి దయాకర్ బాబు. కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. మామూలుగా అయితే అలాంటి పాత డేటాబేసు ముందు కూర్చుని, ఏ పట్టిక ఎక్కడుంది, ఏ గడి దేనితో ముడిపడింది అని చూసుకుంటూ, ఒక్కో పట్టికకీ ఒక్కో క్లాసు, అంటే ఆ పట్టికని నడిపే చిన్న ప్రోగ్రాము, చేత్తో రాసుకోవాలి. రెండు మూడు రోజుల పని. కానీ సత్యప్రకాష్‌కి ఇంటర్నెట్లో లోడర్ అనే సాధనం దొరికింది. డేటాబేసు పేరు చెబితే చాలు, అది లోపలికి వెళ్లి అన్నీ చూసి క్లాసులన్నీ తనే పుట్టించేస్తుంది. ముడులు కూడా తనే పసిగడుతుంది. సభ్యుల పట్టికలో 'తండ్రి నంబరు' అనే గడి ఉంది. అందులో తండ్రి పేరు ఉండదు, ఆ తండ్రి సభ్యత్వపు నంబరు ఉంటుంది. అది చూసి లోడరు ప్రతి సభ్యుడికీ ఒక తండ్రినీ, ప్రతి తండ్రికీ పిల్లల్నీ రెప్పపాటులో ఏర్పాటు చేసేసింది.

సత్యప్రకాష్ తన నంబరు కొట్టి చూశాడు. తండ్రి యోహాను అని వచ్చింది. నిజమే, అతని తండ్రి యోహాను గారే, కొయ్యూరు స్కూల్లో మాస్టారు, ఆదివారాలు మాత్రమే ఇంటి దగ్గర కనిపిస్తాడు. పరీక్ష అయిపోయింది. మిగతాదానికి ఇరవై లైన్లు రాసి, ప్రింటరు మీద కాగితాల కట్ట పెట్టి, మీట నొక్కి, దయాకర్ బాబుకి ఫోన్ చేశాడు.

"అంకుల్, కార్డులు పడుతున్నాయి. పెళ్లి ప్రకటన కూడా చివర్న పడుతుంది. వచ్చి పట్టుకెళ్లిపోండి. నేను దర్జీ దగ్గరికెళ్లొస్తాను."

"నువ్వోసారి సూసినావా?"

"సూడ్డానికేటుందంకుల్? అంతా దానంతటదే వచ్చేసింది."

తర్వాత చాలాకాలం పాటు ఈ వాక్యాన్ని ఆ చర్చిలో చాలామంది చాలా సందర్భాల్లో అతనికి గుర్తుచేశారు.

దయాకర్ బాబు పనిమంతుడు. ప్రకటన కాగితాన్ని కవరులో పెట్టి పాస్టరు గారింట్లో ఇచ్చాడు. కృష్ణదేవిపేట, రావికమతం వాళ్ల కార్డులు షేర్ ఆటోల్లో పంపాడు. ఊళ్లోవి స్కూటరు మీద తిరిగి ఇల్లిల్లూ పంచాడు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి కాబట్టి, చదువురాని వాళ్లకి తనే పైకి చదివి వినిపించాడు. ముప్పై మూడేళ్ల గుమాస్తాగిరీలో ఆయనకి ఒక విద్య పట్టుబడింది. ఎంత పెద్ద కాగితమైనా ఒక్క ముక్క కూడా బుర్రకి ఎక్కకుండా గడగడా చదవగలడు.

చివరి కార్డు సత్యప్రకాష్ ఇంటిదే. అతని మామ్మ ఎస్తేరమ్మ వీధి అరుగు మీద కూర్చుని, మధ్యాహ్నం పులుసు కోసం చేపలు తోముతోంది. దయాకర్ బాబు కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు.

"సభ్యుడు, యోహాను. తండ్రి, క్రీస్తురాజు. కుమారుడు, సత్య..."

"ఏటీ?"

"కుమారుడు, సత్యప్రకాష్."

"అది కాదు. దాని ముందరిది మళ్లీ సదువు."

"తండ్రి, క్రీస్తురాజు."

ఎస్తేరమ్మ చేతిలోని చేపని గిన్నెలో పెట్టింది. కత్తి మాత్రం పెట్టలేదు. "ఓర్నాయనో! నా పెనిమిటి పేరు దేవుళ్లు. సముద్రం ఒడ్డు నుంచి సేపల తట్ట నెత్తినెట్టుకొచ్చి, నన్ను మనువాడి, ఈ ఊళ్లోనే సచ్చిపోనాడు. గుడికెళ్లేవాడు, నాతో సర్చికీ వచ్చేవాడు గానీ బాప్తిస్మం మాత్రం పుచ్చుకోలేదు. అంతమాత్రాన నా కొడుక్కి తండ్రిని మార్చేస్తారేటి? ఆ క్రీస్తురాజు మాస్టారు నా గుమ్మం ఎప్పుడు తొక్కినాడో నువ్వు సూసినావా దయాకరూ?"

అప్పుడు దయాకర్ బాబు తను చదివిన ముక్కని మొదటిసారి అర్థం చేసుకున్నాడు. ఎస్తేరమ్మ చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, మాస్టారింటి దారి పట్టింది. దయాకర్ బాబు స్కూటరు తిప్పుకుని కంప్యూటర్ సెంటరు దారి పట్టాడు.

క్రీస్తురాజు మాస్టారి గురించి చెప్పాలి. డెబ్బై ఆరేళ్ల మనిషి. సంఘంలో ఒకటో నంబరు సభ్యుడు. మిషన్ స్కూల్లో మూడు తరాలకి ఎక్కాలు నేర్పాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకప్పుడు అడిగేవారు, తర్వాత మానేశారు, తర్వాత ఆయనే మరిచిపోయాడు. నలభై ఏళ్లుగా పెంకుటింట్లో ఒక్కడే వండుకు తింటున్నాడు. ఆయన గుమ్మం ముందు రెండు జతల చెప్పులు ఒకేసారి కనిపిస్తే ఆరోజు ఏదో పండగన్నమాట.

ఎస్తేరమ్మ వెళ్లేసరికి అక్కడ తొమ్మిది జతలున్నాయి. లోపల సైకిల్ షాపు చినబాబు మాస్టారి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, మిషన్ హాస్టల్లో పెరిగిన అనాథ. పక్కన అరటిపళ్ల హస్తం ఉంది. కళ్లు తుడుచుకుంటూ అంటున్నాడు.

"మాయమ్మ సచ్చిపోయేటప్పుడు కూడా సెప్పలేదు మాస్టారూ. మీరైనా ఒక్క మాట సెప్పీవలసింది."

"చినబాబూ," అన్నాడు మాస్టారు ఎంతో నెమ్మదిగా. "నేను నీకు పదమూడో ఎక్కం నేర్పాను. అది కూడా సగమే వచ్చింది. అంతకుమించి నా వల్ల నీకు జరిగిందేమీ లేదు."

"మరి కార్డులో రాసుందండీ."

మాస్టారు తన కార్డు తీసి చూసుకున్నాడు. సభ్యుడు, క్రీస్తురాజు, అవివాహితుడు. తండ్రి, క్రీస్తురాజు. పిల్లలు అన్న చోట మొదలైన పేర్లు వెనక వైపుకి తిరిగి, అక్కడా చోటు చాలక, మరో కార్డు మీదకి పోయాయి. నలభై ఆరుగురు. ఆయన పేర్లన్నీ ఓపిగ్గా చదివి, "ఇందులో సగంమంది నా దగ్గర తన్నులు తిన్నవాళ్లే" అన్నాడు.

"మాస్టారూ!" అంది గుమ్మంలోంచి ఎస్తేరమ్మ.

"రా ఎస్తేరమ్మా. కూర్చో. నువ్వు కూడానా?"

ఇక్కడ ఇలా ఉండగా, కంప్యూటర్ సెంటర్లో సత్యప్రకాష్ సూటు సంచితో లోపలికొచ్చాడు. దయాకర్ బాబు అతని కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"ఒరే అబ్బాయ్, ఏటిరా ఇది? మాస్టారిని ఊరందరికీ తండ్రిని సేసీసినావు!"

"నేను కాదంకుల్. మీ పట్టీలో ఎలా ఉంటే అలాగే వచ్చింది." సత్యప్రకాష్ తెర మీద చూశాడు. "నలభై ఆరుగురికి తండ్రి నంబరు ఒకటి అని మీరే కొట్టేరు."

"అది తండ్రి కాదురా. అది ఖాళీ!"

"ఖాళీయా?"

"తండ్రికి సభ్యత్వం లేదనుకో, ఎప్పుడో పోయినాడనుకో, మరి నంబరెక్కణ్ణించి తెస్తాను? నిల్ అని కొట్టినాను, ఒప్పుకోలేదు. సున్నా కొట్టినాను, ఒప్పుకోలేదు. అలాంటి సభ్యుడు లేడంది. ఒకటి కొట్టినాను, ఒప్పుకుంది. మాస్టారు పెద్దాయన. పైగా పెళ్లాం పిల్లలు లేరు, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను."

"ఖాళీగా వదిలేస్తే సరిపోయేది కదంకుల్!"

దయాకర్ బాబు లేచి నిలబడ్డాడు. "ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క గడి ఖాళీ పెట్టినోణ్ణి కాదు. సంఘం పట్టీలో ఏ గడీ ఖాళీ ఉండకూడదని కమిటీ సేత తీర్మానం సేయించింది నేను. ఖాళీ పెడితే కంప్యూటరే వద్దనేలా దాన్ని బిగించింది కూడా నేనే."

"ఆ బిగింపు విప్పడానికి పాస్‌వర్డ్ ఇవ్వండి."

"తీర్మానం ఉండాల. కమిటీ ఈస్టరు తర్వాత కూర్చుంటాది."

అంతలో ఫోన్ మోగింది. పాస్టరు గారు. గొంతులో కోపం లేదు, ఎంతో బాధ ఉంది.

"సత్యప్రకాష్, నీ ప్రకటన కాగితం చూశానయ్యా. వరుడి తాత, వధువు తాత ఒక్కరే అని ఉంది. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు, అన్నాచెల్లెళ్ల వరస, వివాహం కుదరదు అని కింద స్పష్టంగా వేసింది. నువ్వు రాసిన ప్రోగ్రామే కదా! ఇలాంటిది నేను చర్చిలో ఎలా చదువుతాను?"

సత్యప్రకాష్ తెర మీద రెండు పేర్లూ వెతికాడు. యోహాను గారికీ, రత్నరాజు గారికీ తండ్రి గడిలో ఒకటే ఉంది. లోడరు దృష్టిలో వాళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు. అన్నదమ్ముల పిల్లలకి పెళ్లేమిటి? అతను పెట్టిన పరీక్షలో అతని పెళ్లే తప్పింది.

"కాగితం తప్పండి. మీరు చేత్తో రాసుకుని చదివెయ్యండి."

"తీర్మానం ఉందయ్యా. రాత్రి భోజనం వేళ దాకా చూస్తాను. సరైన కాగితం వస్తే చదువుతాను. లేకపోతే ఈస్టరు తర్వాత చూద్దాం."

ఫోన్ పెట్టేసి సత్యప్రకాష్ మళ్లీ తెర వైపు తిరిగాడు. పట్టిక బిగింపు విప్పలేడు గానీ, అందులో కొత్త పేరు చేర్చగలడు, నంబర్లు మార్చగలడు.

"అంకుల్, ఆ పోయినవాళ్లందర్నీ సభ్యులుగా చేర్చేస్తే?"

"బాప్తిస్మం లేనోళ్లని సంఘంలో చేరుస్తావా? ఏటి మాటలాడుతున్నావు!"

"పోనీ, ఒకే ఒక్క ఉత్తుత్తి పేరు చేరుస్తాను. 'తెలియదు' అని. ఒకటి ఉన్న చోటల్లా ఆ నంబరు వేసేస్తాను. అది మనిషి కాదు కదా."

దయాకర్ బాబు ఆలోచించాడు. గడి ఖాళీగా ఉండదు, మాస్టారి పరువు దక్కుతుంది. "బాగుంది. బేగి కానియ్యి" అన్నాడు.

ఆపదలో ఉన్నవాడు బుర్ర ఉపయోగిస్తే చూడముచ్చటగా ఉంటుంది. పావుగంటలో నలభై ఆరు కొత్త కార్డులు పడ్డాయి. పాతవాటి బదులు ఇవి ఉంచుకోమని చెబుతూ దయాకర్ బాబు మళ్లీ స్కూటరెక్కాడు. ఈసారి ఎవరికీ చదివి వినిపించలేదు. ఆ సంగతి వాళ్ల ఇళ్లలో చదువుకున్న పిల్లలు చూసుకున్నారు.

కార్డు మీద ఇలా ఉంది: సభ్యుడు, చినబాబు. తండ్రి, తెలియదు.

సభ్యుడు, యోహాను. తండ్రి, తెలియదు. ఇలాగే నలభై ఆరు ఇళ్లలో.

తండ్రి ఫలానా అని తప్పు చెబితే మనిషి కోపగించుకుంటాడు. తండ్రి ఎవరో తెలియదని ప్రింటు కొట్టి ఇంటికి పంపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎస్తేరమ్మ ఈసారి కత్తి కూడా పట్టుకునే బయలుదేరింది, కాకపోతే అది చేతిలో ఉన్నట్టు ఆవిడకి గుర్తులేదు. ఇటు సత్యప్రకాష్ కొత్త ప్రకటన కాగితం తీసి చదివాడు. ఇద్దరి తాతా తెలియదు. ఇద్దరి తెలియదూ ఒకటే తెలియదు కాబట్టి వివాహం కుదరదు.

తలుపు తోసుకుని జెన్నీ వచ్చింది. చేతిలో వాళ్లింటి కార్డులున్నాయి, పొద్దుటివీ, మధ్యాహ్నంవీ. ఏడ్చినట్టుంది గానీ ఏడుపు అయిపోయింది.

"మా నాన్న ఆ ఫోటో జేబులోంచి బయటికి తీసేరు" అంది.

"జెన్నీ, అదంతా లోడరు దానంతటదే..."

"నువ్వు చూడకుండా పంపింది కూడా దానంతటదేనా ప్రకాష్? ఇరవై లైన్లు రాసేవు. ఒక్క కార్డు పైకి తీసి చదవడానికి ఎంతసేపు పడుతుంది? నీకు పనంటే బద్ధకమో, నేనంటే బద్ధకమో ఇప్పుడే చెప్పీ."

సత్యప్రకాష్ చేతిలోని ప్రకటన కాగితం బల్ల మీద పెట్టాడు. "తప్పయిపోయింది" అన్నాడు. ఆ రోజు అతను చెప్పిన మొదటి సరైన మాట అదే.

జెన్నీ కాస్త మెత్తబడింది. "సరే, పద. అందరూ మాస్టారింటి దగ్గరే ఉన్నారు. పాస్టరు గారు కూడా వెళ్లేరు. దాక్కుంటే పెళ్లి అవ్వదు."

సాయంత్రం నాలుగైంది. మాస్టారి పెరట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. అరుగు మీద పాస్టరు గారు, పక్కన మాస్టారు, మెట్ల మీద దయాకర్ బాబు నేరస్తుడిలా కూర్చుని ఉన్నారు. జెన్నీ తండ్రి రత్నరాజు గారు గోడకి ఆనుకుని, ఎవరూ తనని పలకరించకూడదన్నట్టు నిలబడ్డాడు. ఆయన భార్య సువార్తమ్మ ఆడవాళ్లలో కూర్చుని ఉంది. మాట్లాడుతున్నది చినబాబు.

"పొద్దున్న పదింటికి నాకు తండ్రి ఉన్నాడండీ. తప్పో ఒప్పో, ఉన్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి అరటిపళ్లు కొనుక్కుని నాన్న ఇంటికొచ్చినాను. మజ్జానం రెండింటికి తీసీసినారు. ఇచ్చింది ఎందుకు తియ్యాలండీ? నాకు మళ్లీ మాస్టారినే ఎయ్యండి."

"నా కొడుక్కీ అంతే" అంది ఎస్తేరమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏటలా సూస్తారు? మా దేవుళ్లు పేరు మీ పెట్టెలో పట్టదన్నారు. మరి తండ్రి తెలీదని రాస్తే నా మొకం ఎక్కడెట్టుకోవాల? మాస్టారి పేరుంటే పరువుగా ఉంటాది. నా కొడుకుని సదివించింది ఆయనే, ఉజ్జోగానికి కాగితం రాసిచ్చింది ఆయనే. కాలం అంతా ఆయన సేసింది తండ్రి సేసిన పనే. దేవుళ్లు ఉన్నా ఒప్పుకునేవాడు."

ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. పొద్దున్న దెబ్బలాటకి వచ్చినవాళ్లు సాయంత్రం బతిమాలడానికి వచ్చారు. క్రీస్తురాజు మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఆయనకి ఏడుపొస్తోందని అందరికీ తెలిసింది, అందుకని అందరూ వేరే వైపు చూశారు.

"దయాకరూ," అన్నాడు చివరికి. "నా నంబరు మళ్లీ వేసేయ్. నాకేం అభ్యంతరం లేదు."

పెరడంతా సంతోషపడింది. సత్యప్రకాష్ ఒక్కడే పాలిపోయాడు. "మాస్టారూ, మీరు అందరికీ తండ్రయితే నా పెళ్లి ఆగిపోతుంది."

"అవునండీ," అన్నాడు పాస్టరు గారు. "వరస ఒప్పుకోదు. సంఘం అంతా ఏకమై ఈయనే తండ్రి అంటోంది. నేనేం చేయను?"

రత్నరాజు గారు గోడ వదిలి ముందుకొచ్చాడు. "నేను మొదట్నించీ సెప్తన్నాను, ఈ సంబంధంలో ఏదో తేడా ఉందని. దేవుడే ఆపినాడు. అనకాపల్లి వాళ్లకి ఈ పూటే ఫోన్ సేసేస్తాను."

"చెయ్యండి," అంది సువార్తమ్మ. ఆవిడ ఎప్పుడూ మగవాళ్ల మధ్య గొంతెత్తని మనిషి. "ముందు మన సంగతి తేల్చి, అప్పుడు చెయ్యండి."

"మన సంగతేటి?"

సువార్తమ్మ కూతురి చేతిలోంచి కార్డులు తీసుకుంది. "ఇది మీ కార్డు. తండ్రి, క్రీస్తురాజు. ఇది నాది. తండ్రి, క్రీస్తురాజు. అంటే మీరూ నేనూ సొంత అన్నాచెల్లెళ్లం. ఇరవై ఏడేళ్లయింది పెళ్లయి. పిల్లల పెళ్లి ఈ కాగితం ప్రకారం ఆగాలంటే, ఇదే కాగితం ప్రకారం నేను ఈ పూటే పుట్టింటికి వెళ్లిపోవాలి. పుట్టిల్లంటే ఇదే కాబోలు. మాస్టారూ, లోపల గది ఖాళీగా ఉందాండీ?"

"ఉందమ్మా," అన్నాడు మాస్టారు గంభీరంగా.

రత్నరాజు గారు రెండు కార్డులూ లాక్కుని చూసుకున్నాడు. పాస్టరు గారు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. ఈ లెక్కన ఆ పెరట్లో ఎన్ని కాపురాలు కూలతాయో ఆయన లోపల లెక్కవేసుకుంటున్నట్టు కనిపించింది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఎక్కాలు అప్పజెప్పించుకునే గొంతుతో మొదలుపెట్టాడు. "రత్నరాజూ, ఇలా రా. నిదానంగా ఆలోచించి చెప్పు. సువార్త నా కూతురు, అందులో అనుమానం లేదు. నువ్వు నాకు కొడుకువా? అల్లుడివా?"

"అదేటండీ..."

"కొడుకువైతే నీ కాపురం చెల్లదు. అల్లుడివైతే జెన్నీ నా కూతురి కూతురు, సత్యప్రకాష్ నా కొడుకు యోహాను కొడుకు. అన్న కొడుకూ, చెల్లెలి కూతురూ. మేనబావ, మేనమరదలు. ఇంతకన్నా మంచి వరస ఎక్కడ దొరుకుతుంది? రెండింట్లో ఏదో ఒకటి చెప్పు."

రత్నరాజు గారు భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే చెప్పుల కోసం చూస్తోంది.

"అల్లుణ్ణేనండీ" అన్నాడు.

"పాస్టరు గారూ, విన్నారు కదా."

పాస్టరు గారు విన్నాడు. కాకపోతే విన్నది కాదు, కాగితం కావాలన్నాడు. మళ్లీ అందరూ దయాకర్ బాబు వైపు చూశారు. రత్నరాజు గారి తండ్రి గడిలోంచి మాస్టారిని తీస్తే ఏం పెట్టాలి? ఖాళీ కూడదు, తెలియదు అంటే ఎవరూ ఊరుకోరు.

"ఆయన నంబరే ఆయనకి వేసెయ్" అంది జెన్నీ. "మాస్టారి కార్డులో చూడలేదా? తండ్రి క్రీస్తురాజు అనే ఉంది. ఆయనకి ఆయనే తండ్రైనప్పుడు కంప్యూటరు ఒప్పుకుంది కదా. మా నాన్నకి మాత్రం ఎందుకు ఒప్పుకోదు?"

సత్యప్రకాష్ ఆమె వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఈ మాట మధ్యాహ్నమే తట్టి ఉంటే నలభై ఆరుగురికీ ఎవరికి వాళ్లనే తండ్రిని చేసి చేతులు దులుపుకునేవాడు. ఇప్పుడు చేద్దామన్నా పెరట్లో ఒక్కరూ ఒప్పుకోరు.

పరుగున అబీద్ సెంటరుకి వెళ్లి, మిగతా నలభై ఐదుగురికీ మాస్టారిని తిరిగిచ్చి, రత్నరాజు గారిని ఆయనకే అప్పగించి, ప్రకటన కాగితం తీశాడు. ఈసారి ప్రతి అక్షరం పైకి చదివాడు. జెన్నీ పక్కన నిలబడి మరోసారి చదివించింది. 'వివాహానికి అభ్యంతరం లేదు' అని ఉంది. దీపాలు పెట్టే వేళకి కాగితం పాస్టరు గారి చేతిలో పడింది.

మర్నాడు ఆరాధనలో ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నప్పుడు సత్యప్రకాష్ కళ్లు మూసుకున్నాడు. చర్చిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండో ఆదివారం అంతే, మూడో ఆదివారం అంతే. శ్రమల దినాలకి సరిగ్గా ఒక్క రోజు ముందు పెళ్లి జరిగింది. క్రీస్తురాజు మాస్టారికి పెళ్లికొడుకు తరఫునా, పెళ్లికూతురు తరఫునా కూడా తాతగారి బట్టలు పెట్టాల్సి వచ్చింది. ఆయన వద్దనలేదు. ఒక జత వేసుకుని, రెండో జత ఒళ్లో పెట్టుకుని, ఫోటోలో రెండు కుటుంబాల మధ్యనా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో వంట లేదు. ఎవరో ఒకరి ఇంటి నుంచి క్యారేజీ వస్తోంది, చినబాబు ఇంటి నుంచి వచ్చినప్పుడు అరటిపళ్లు కూడా వస్తున్నాయి.

ఈస్టరు తర్వాత కమిటీ సంఘం మొత్తాన్ని పిలిచి కూర్చుంది. సభ్యుల పట్టీలో తండ్రి గడి ఇకమీదట ఖాళీగా వదలవచ్చని సత్యప్రకాష్ తీర్మానం పెట్టించాడు. చేతులెత్తమన్నారు. తీర్మానం ఓడిపోయింది. వ్యతిరేకంగా చేతులెత్తిన నలభై ఐదుగురూ ఒకే కుటుంబం వాళ్లని దయాకర్ బాబు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు.